చెంప మీద నీడ

"వెలుగేమో దేవుడిది, కెమెరా ఏమో కంపెనీది. మధ్యలో నువ్వు పడే కష్టమేంటో నాకర్థం కాదు," అన్నాడు కర్ట్, ఇంకో బీరాక్ బన్ను అందుకుంటూ.

మార్లా అప్పుడు సింకు దగ్గర నిలబడి మాడిన పెనం తోముతోంది. క్యాబేజీ తరిగి, మాంసం వేయించి, పిండి పిసికి, అవన్నీ కూరి ఆ బన్నులు కాల్చింది ఆమే. గ్రీజు మరకలు పోవని తెలిసీ అతని ఓవరాల్స్ రెండుసార్లు ఉతికింది. అత్తగారు అర్లీన్ ఇంటికి వెళ్ళి వారానికి సరిపడా మందులు డబ్బాలో సర్ది వచ్చింది. చర్చి వాళ్ళు ఊరికే తీయించుకున్న ఫోటోలు, ఫుట్‌బాల్ జట్టు వాళ్ళు ఊరికే తీయించుకున్న ఫోటోలు సరిచేసి పంపింది. ఊళ్ళో ఎవరికి ఊరికే ఏం కావాలన్నా గుర్తొచ్చేది మార్లాయే. ఇవేవీ కష్టం కిందికి రావు, నిజమే. కష్టమంటే కర్ట్ ట్రాక్టర్ కింద దూరి బోల్టు బిగించడం, బిగించి వచ్చి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పడం. ఆమె మారు మాట్లాడలేదు. మాట్లాడితే చేతిలో ఉన్నది ఎటు ఎగురుతుందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఫ్రిజ్ తలుపు మీది సొట్ట అలాంటి ఒక మాటకు వచ్చిన జవాబే.

కాన్సాస్ పడమటి కొసన ఆ ఊళ్ళో జొన్న చేలు ఎర్రబారే రోజులొస్తే మార్లాకు ఊపిరాడదు. హైస్కూల్ ఆఖరి ఏడాదికి వచ్చిన పిల్లలందరికీ ఫోటోలు కావాలి. తాతమ్మల గోడలకు కావాలి, బంధువుల పర్సుల్లోకి కావాలి, స్కూలు పుస్తకానికి కావాలి, మెయిన్ స్ట్రీట్ దీపస్తంభాలకు వేలాడదీసే బ్యానర్లకు కావాలి. స్టూడియోలో తీస్తే ఎవరికీ నచ్చదు. ఆరుబయట, పొద్దు వాలే వేళ, తేనె రంగు ఎండలో తీయాలి. సూర్యుణ్ణి పిల్ల వీపు వెనక పెడితే జుట్టు చుట్టూ బంగారు అంచు వస్తుంది, మొహం మాత్రం నల్లబడుతుంది. అందుకని ఎదురుగా ఒకరు గుండ్రటి రిఫ్లెక్టర్ పట్టుకుని, ఆ ఎండనే వెనక్కి కొట్టి మొహం మీదికి పంపాలి. పిల్ల వెంట ఎవరొస్తే వాళ్ళ చేతికే రిఫ్లెక్టర్ ఇస్తుంది మార్లా. సాధారణంగా తల్లులొస్తారు. పట్టుకుని ఏడుస్తారు, వాళ్ళ ఏడుపుకి వెలుగు వణుకుతుంది, అదీ ఒకందుకు బాగానే ఉంటుంది.

షెల్బీ రోడర్ వెంట తండ్రి వచ్చాడు. గ్లెన్ రోడర్ అంటే ఊరికి ఎంత ముద్దో చెప్పలేం. చర్చి విందులో పాన్‌కేకులు గాల్లోకి ఎగరేసి పళ్ళెంలో పట్టేది ఆయనే, ఎవరి పొలంలో బండి దిగబడినా గొలుసు తెచ్చి లాగేది ఆయనే. రాతి గుంజల కంచె పక్కన కూతుర్ని నిలబెట్టి, రిఫ్లెక్టర్ అందుకుని, "చెప్పు మార్లా, ఈ పళ్ళెంతో ఏం చెయ్యమంటావు? పాన్‌కేకులేమన్నా వెయ్యాలా?" అని నవ్వించాడు.

"గాలి ఎక్కువగా ఉంది గ్లెన్. కింద పెట్టుకుని ఉండండి. నేను అన్నప్పుడు మాత్రం గభాల్న పైకెత్తండి," అంది మార్లా.

ఆమె అంది. ఆయన ఎత్తాడు. కెమెరా టకటకా వరసగా తీసుకుపోయింది. చూస్తే అన్నిట్లోనూ షెల్బీ కళ్ళు మూసుకునే ఉంది.

"ఎండ గుచ్చుకుంటోందా తల్లీ? మూడు దాకా లెక్కపెడతాను. అప్పటిదాకా కళ్ళు తెరుచుకుని ఉండు, మూడయ్యాక మూసుకో. గ్లెన్, చెయ్యి ఇంకాస్త పైకి. ఇంకా దగ్గరికి రండి."

మళ్ళీ అంతే. కళ్ళు మూసుకోవడమే కాదు, గడ్డం కిందికి దిగింది, భుజాలు చెవుల దాకా వచ్చాయి. గ్లెన్ మొహంలో నవ్వు అలాగే ఉంది, గొంతులో మాత్రం లేదు.

"దీని కళ్ళకి మేకులు కొట్టాలి. ఇన్ని బట్టలు కొన్నాం, ఇంత దూరం వచ్చాం, ఒక్క నిమిషం కళ్ళు తెరుచుకుని ఉండవే అంటే చేతకాదు. మొహం పైకెత్తు." ఆ మాటతో పాటే రిఫ్లెక్టర్ అంచు వచ్చి షెల్బీ కణతకు తగిలింది. లోపల స్టీలు చట్రం ఉన్న అంచు అది. తగిలినప్పుడు చిన్న చప్పుడైంది.

"గాలి," అన్నాడు గ్లెన్.

"అవును, గాలి ఎక్కువగానే ఉంది," అంది మార్లా. షెల్బీ కణత కూడా తడుముకోలేదు.

కాసేపటికి గ్లెన్ నీళ్ళ సీసా కోసం ట్రక్కు దాకా వెళ్ళాడు. ట్రక్కు దూరంగా, గట్టు అవతల ఉంది. రిఫ్లెక్టర్ లేకపోతే మొహం మీద వెలుగు చాలదు కానీ ఊరికే ఉండలేక మార్లా కెమెరా ఎత్తింది. అద్దంలోంచి చూసేసరికి ఎదురుగా ఇంకెవరో పిల్ల ఉంది. బూడిద రంగు కళ్ళు విచ్చుకుని, మెడ నిలబెట్టి, నేరుగా ఆమెనే చూస్తోంది.

"ఇలా బాగుందా మిసెస్ వెర్త్?"

"చాలా బాగుంది."

"అయితే తొందరగా తీసెయ్యండి."

పొద్దు వాలిపోతోందని తొందరపెడుతోంది కాబోలు అనుకుంది మార్లా. ఇరవయ్యేళ్ళుగా వెలుగుని చదువుతున్న మనిషి, ఆ పిల్ల మొహాన్ని మాత్రం చదవలేకపోయింది.

మర్నాడు కర్ట్ పనికి వెళ్ళాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ బల్లే ఆమె ఆఫీసు. బ్రెడ్డు ముక్కలు తుడిచేస్తే ఆఫీసు, మళ్ళీ పళ్ళేలు పెడితే భోజనాల బల్ల. మొటిమలు తీసేసింది, పెదవికి అడ్డం పడిన వెంట్రుకలు తీసేసింది. ఆ పనికి వాడే పనిముట్టుకి గాయాలు మాన్పే కుంచె అని పేరు. ఎవడు పెట్టాడో గానీ ఆ పేరు విన్నప్పుడల్లా మార్లాకు ఒళ్ళు మండుతుంది. అది ఏ గాయాన్నీ మాన్పదు, పక్కనున్న మంచి చర్మం తెచ్చి పైన పరుస్తుంది, అంతే. తర్వాత అసలు పని. మూసుకున్న కళ్ళు కోసేసి, గ్లెన్ ట్రక్కు దగ్గరికి వెళ్ళినప్పుడు తీసిన ఫోటోల్లోంచి తెరుచుకున్న కళ్ళు తెచ్చి అతికించాలి. ఆ విద్యలో ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఎక్కడ అతికిందో కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

అతికించడానికి ముందు రెండు ఫోటోల్లోనూ చెంప మీది వెలుగు సరిపోలిందో లేదో చూడాలి. తెర నిండా చెంప వచ్చేదాకా పెద్దది చేసి చూసింది. చూసి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి వరసలో మొదటి ఫోటో తెరిచింది.

అందులో చెంప ఇంకా నీడలోనే ఉంది. రిఫ్లెక్టర్ వెలుగు ఇంకా మొహానికి చేరలేదు. సూర్యుడు వీపు వెనకే ఉన్నాడు. కళ్ళలో గుచ్చుకోవడానికి అక్కడ వెలుగన్నదే లేదు. అయినా కళ్ళు అప్పటికే గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, కనురెప్పలు ముడుచుకుపోయి ఉన్నాయి. ఫోటో అంచున మాత్రం, ఎప్పుడూ కత్తిరించి పారేసే చోట, పైకి లేస్తున్న ఒక మగ చెయ్యి ఉంది.

రెండో వరస తెరిచింది. చెంప మీద నీడ, మూసుకున్న కళ్ళు, లేస్తున్న చెయ్యి. మూడో వరసా అంతే. వెలుగు వచ్చాక మూసుకున్న కళ్ళు కావవి. చెయ్యి లేచినప్పుడు మూసుకున్న కళ్ళు.

ఆ చెయ్యి ఎవరు ఎత్తించారు? "ఇంకాస్త పైకి, ఇంకా దగ్గరికి" అని ఆ పిల్ల మీదికి ఆ చేతిని ఉసిగొల్పింది ఎవరు? మార్లా లేచి సింకు దాకా వెళ్ళి, నీళ్ళు వదిలి అలా నిలబడింది. అలా నిలబడినప్పుడు గుర్తొచ్చింది, క్రిస్మస్ కార్డు. ప్రతి ఏడూ అర్లీన్ పట్టుబట్టి తీయించే కుటుంబం ఫోటో. కర్ట్ కెమెరా టైమర్ నొక్కి, పరుగెత్తుకొచ్చి, మార్లా భుజం మీద చెయ్యి వెయ్యబోతాడు. ప్రతి ఏడూ అందులో మార్లా కళ్ళు మూసుకునే ఉంటుంది. "ఊరందరి కళ్ళూ తెరిపించే దానివి, నీ కళ్ళు తెరవడం మాత్రం నీకు రాదే," అంటుంది అర్లీన్, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా నవ్వేలా. "పిల్లల్ని కనలేదు సరే, కనీసం ఫోటోలోనన్నా మా వైపు చూడొచ్చు కదా," అని కూడా అంది ఒకసారి. మార్లా ఎవరితోనూ ఏమీ అనకుండా, పెళ్ళికి ముందు తీసిన తన పాత ఫోటోలోంచి కళ్ళు తెచ్చి కార్డు మీది తన మొహానికి అతికించేది. ఏళ్ళ తరబడి ఊరందరి ఫ్రిజ్‌ల మీదా ఆ కార్డే ఉంది. అందులో ఆమె ఎంత సంతోషంగా ఉందో అని అందరూ మెచ్చుకుంటారు.

అసలు ఫోటోలు వెతికి తెరిచింది. షెల్బీ మొహం పక్కన తన మొహం పెట్టింది. గడ్డం అలాగే దిగింది, భుజాలు అలాగే లేచాయి. ఇద్దరికీ ఒకే గురువు చదువు చెప్పినట్టుంది. కోపం వచ్చింది మార్లాకు. ఇన్నాళ్ళకి, ఇంత ఆలస్యంగా, ఒళ్ళంతా దడదడలాడే కోపం వచ్చింది.

పోలీసులకు చెప్దామా అంటే డిప్యూటీ కర్ట్‌తో కలిసి వేటకు పోతాడు. స్కూల్లో చెప్దామా అంటే స్కూలు బోర్డులో గ్లెన్ ఉన్నాడు. ముందు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి. రోడర్ ఇంటికి ఫోన్ చేసింది. గ్లెన్ తీశాడు.

"వెలుగు సరిగ్గా కుదర్లేదు గ్లెన్. శనివారం పొద్దున్నే మా ఇంటి వెనక మళ్ళీ తీస్తాను. షెల్బీ ఒక్కతే వస్తే చాలు."

"మరి ఆ పళ్ళెం ఎవరు పట్టుకుంటారు?"

"పొద్దుటి ఎండకి అది అక్కర్లేదు."

"అలాగా," అన్నాడు గ్లెన్, మర్యాదగా.

మధ్యాహ్నం కర్ట్ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. భోజనం వేళ కంటే ముందే వచ్చాడు. మార్లా ల్యాప్‌టాప్ ముందే ఉంది.

"గ్లెన్ ఫోన్ చేశాడు. వాళ్ళ పిల్లని ఒంటరిగా పంపమన్నావట. ఏంటి కథ?"

"వెలుగు..."

"వెలుగు, వెలుగు, వెలుగు! చచ్చే చావుగా ఉంది నీ వెలుగుతో. ఆయన ఏమనుకుంటాడు? ఏమనుకుంటున్నాడో తెలుసా? మీ ఆవిడ నా గురించి ఏమన్నా వాగుతోందా అని అడిగాడు నన్ను. షాపులో, అందరి ముందూ ఫోన్లో నేను నీళ్ళు నమలాల్సొచ్చింది." అంటూ ఆమె భుజం మీంచి వంగి తెర వైపు చూశాడు. షెల్బీ మొహం, పక్కనే తన భార్య మొహం. కర్ట్ మొరటువాడే గానీ తెలివితక్కువవాడు కాదు. ఒక్క క్షణం చూశాడు. అర్థమైంది. అర్థమైందని మార్లాకూ తెలిసింది.

"దీని పక్కన నిన్నెందుకు పెట్టావు?" అన్నాడు మెల్లగా.

ఆమె వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. కర్ట్ రెండు చేతులతో ల్యాప్‌టాప్ మూత పట్టుకుని దబాల్న మూసి, మూశాక కూడా వదలకుండా, ఒంటి బరువంతా దాని మీద మోపి నొక్కాడు. చిట్లింది కీబోర్డో ఎముకో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది. మార్లా అరిచిన అరుపు తనది కాదనుకుంది, అంత వింతగా ఉంది అది. అతను మూత ఎత్తాడు. తెర మీద సాలెగూడులా పగుళ్ళు. కుడిచేతి రెండు వేళ్ళు పక్కకు తిరిగి ఉన్నాయి.

నేల మీద కూర్చుండిపోయి చూసింది. పొయ్యి మీద ఇనప పెనం ఉంది. అతను వీపు ఇటు తిప్పి ఫ్రిజ్ తెరుస్తున్నాడు. వెంట్రుకలు కత్తిరించుకున్న మెడ వెనక, ఎండకు కమిలిన చోటు ఎంత దూరమో, ఎంత బలంతో కొడితే ఎముక విరుగుతుందో, ఎడంచేత్తో ఆ పెనం లేస్తుందో లేదో, అన్నీ కొలిచింది మార్లా. కొలవడం ఆమె వృత్తి. లేస్తుంది, విరుగుతుంది అని తేలింది. అది తేలాక ఆమెకు కర్ట్ అంటే భయం పోయింది, తనంటే భయం పట్టుకుంది. ఆ ఇంట్లో ఇంకా ఉంటే ఇద్దరిలో ఒకరు మిగలరు.

గడ్డకట్టిన బఠానీల సంచి తెచ్చి ఆమె చేతి మీద పెట్టాడు కర్ట్. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. "చూడు, నాతో ఏం చేయించావో," అన్నాడు. "కారు తలుపులో పడ్డాయని చెబుదాం." క్లినిక్‌కి తనే తీసుకెళ్ళాడు, నడుం మీద చెయ్యేసి నడిపించాడు. "ఫోటోలు తీసే చెయ్యి కదా నర్సమ్మా, నా చేతులు రెండూ ఇచ్చి అయినా దీన్ని బాగుచెయ్యండి," అంటే నర్సు మురిసిపోయింది. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలంది. దారిలో గ్లెన్‌కి ఫోన్ చేశాడు. "పంపించు, ఏం ఫర్లేదు, కెమెరా స్టాండు మీద పెట్టి తీస్తుందిలే. మా ఆవిడ ఇంక తిన్నగా ఉంటుంది. ఆ శనివారం మనిద్దరం గువ్వల వేటకి పోదాం." ఫోను పెట్టేసి, "గువ్వల ఈకలు ఎడంచేత్తో పీకడం వచ్చులే నీకు, నెమ్మదిగా కానిద్దువు," అన్నాడు.

శనివారం తెల్లవారకముందే మగవాళ్ళిద్దరూ వెళ్ళారు. పొద్దు పొడుస్తుంటే జొన్న చేల వైపు నుంచి తుపాకుల మోత మొదలైంది. చప్పుడు చప్పుడుకీ మార్లా విరిగిన వేళ్ళలో సలుపు లేచింది. షెల్బీ ఒక్కతే, వాళ్ళమ్మ కారు తీసుకుని, నడుపుకుంటూ వచ్చింది. డిక్కీ తెరిచి పెద్ద సూట్‌కేసు దించింది.

ఆఖరి ఏడాది ఫోటోలకు ఆడపిల్లలు సూట్‌కేసులతో రావడం ఆ ఊళ్ళో వింత కాదు. చర్చి గౌను ఒకటి, వాలీబాల్ బట్టలు ఒకటి, జీన్స్ ఒకటి, బూట్లు మూడు జతలు, ఇలా ఎవరి సరదా వాళ్ళది. పట్టపగలు ఒక ఆడపిల్ల ఇల్లంతా సర్దుకుని బయటికి నడిచినా ఎక్కడికని ఎవరూ అడగని రోజు ఏడాది మొత్తం మీద ఇదొక్కటే. కానీ ఆ సంగతి అంతవరకూ మార్లాకు తట్టలేదు.

"నాన్నే మోసుకొచ్చి కార్లో పెట్టారు నిన్న రాత్రి," అంది షెల్బీ. "దీంట్లో ఏముందే, రాళ్ళా అన్నారు."

"ముందు ఏది వేసుకుంటావు?" అని మార్లా ఎడంచేత్తో జిప్పు లాగింది. పైన చలికాలం కోటు ఉంది. ఎండలింకా మండుతున్న సెప్టెంబరులో చలికాలం కోటు. దాని కింద ఒక పాత బొంత, బర్త్ సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు, దువ్వెన, స్వెట్టర్లు.

"ఎన్ని జతలు తెచ్చావు షెల్బీ?"

"అన్నీ."

మార్లా అక్కడే పచ్చిక మీద కూలబడింది. షెల్బీ నిలబడే ఉంది, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు, ఒక చెయ్యి కారు మీద వేసి.

"గురువారం నాకు పద్దెనిమిది నిండాయి. ఇక నన్ను వెనక్కి తీసుకురాలేరు ఎవరూ. సలైనాలో మా అత్త ఉంది, నాన్న చెల్లెలు."

"మరి నేరుగా వెళ్ళిపోక ఇక్కడికెందుకు వచ్చావమ్మా?"

"ఆ ఫోటోల కోసం. కళ్ళు మూసుకున్నవి. మీరు కళ్ళు మార్చేశారా?" కారు మీది చెయ్యి తీసి ఒక అడుగు ముందుకేసింది. "మార్చెయ్యలేదు కదా? అత్తకి ఫోన్లో చెప్పాను ఒకసారి. 'మా అన్నయ్యా? నీకు మతి పోయిందా?' అంది. నాన్న కనబడే చోట కొట్టరు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఫోటోల్లోనే నేనూ ఉన్నాను, ఆయన చెయ్యీ ఉంది."

"మార్చబోయాను," అంది మార్లా. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. "మార్చలేదు. అన్నీ కెమెరా కార్డులోనే ఉన్నాయి. 'ఎండ వల్ల కళ్ళు మూసుకున్నావు' అంటుంది మీ అత్త, చూడు. అప్పుడు చెంప చూడమని చెప్పు. చెంప మీద నీడ ఉంది. అంటే వెలుగు ఇంకా పడలేదు. రిఫ్లెక్టర్ ఎటు తిరిగి ఉందో చూపించు, సూర్యుడు ఎటున్నాడో..."

"నాకలా చెప్పడం రాదు మిసెస్ వెర్త్. మీరొచ్చి చెప్తారా?"

తుపాకులు మళ్ళీ మోగాయి, ఈసారి వరసగా. గువ్వల గుంపు ఒకటి ఇంటి మీంచి వెళ్ళిపోయింది.

"నేనా? నేనెలా వస్తానమ్మా. కర్ట్ పన్నెండింటికి వచ్చేస్తాడు, ఆయనకి భోజనం ఎవరు..." అని నోట్లో మాట నోట్లో ఉండగానే, షెల్బీ ఆమె చేతికట్టు వైపు చూసి, "కారు తలుపా?" అంది.

మార్లా అవునన్నట్టు తల ఊపబోయింది.

"మా అమ్మకీ ఎప్పుడూ కారు తలుపే," అంది షెల్బీ. "నిన్న అమ్మని కూడా రమ్మన్నాను. కారు తాళాలు నా చేతిలో పెట్టింది గానీ తను రానంది. ఆయనకి మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారే అంది."

ఆ పిల్ల కోపంగా అనలేదు, దెప్పుతున్నట్టు అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. మార్లాకు మాత్రం ఇంత కాలంగా తిన్న దెబ్బలన్నిటిలోనూ అదే గట్టి దెబ్బ అనిపించింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఊరికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, విరిగిన చేతులతో పళ్ళేలు సర్దుతూ ఒకే మాట అంటున్నారు. ఒకరి మాట ఒకరు వినలేదు, అయినా అక్షరం పొల్లు పోలేదు. ఆ భోజనం కోసం తన ఒంట్లో ఇంకా విరగని ఎముకలు ఎన్ని మిగిలాయో లెక్కేసుకోబోయింది. తర్వాత ఆ లెక్క మానేసింది. లేచి లోపలికి వెళ్ళింది. కెమెరా తీసుకుంది, నొప్పి మాత్రలు తీసుకుంది, స్వెట్టరు తీసుకుంది. పొయ్యి మీది పెనం వైపు ఒకసారి చూసి, దాన్ని అక్కడే వదిలేసింది. తాళం వెయ్యలేదు. వేస్తే కర్ట్‌కి అనుమానం వస్తుంది.

షెల్బీ నడిపింది. ఇద్దరూ హైవే ఎక్కారు. తుపాకుల మోత వెనకబడి, వెనకబడి, ఆగిపోయింది. ధాన్యం గాదెల తెల్ల స్తంభాలు అద్దంలో చిన్నవైపోతున్నప్పుడు షెల్బీ ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నడిపింది, బండి తిన్నగానే పోయింది. మార్లా ఎడంచెయ్యి చాచి ఆమె భుజం మీద వెయ్యబోయి, ఆగి, "చెయ్యి వెయ్యనా?" అని అడిగింది. షెల్బీ తల ఊపాక వేసింది.

సలైనా ఇంకా చాలా దూరం ఉండగానే మార్లా ఫోను మోగింది. కర్ట్ నంబరు, గొంతు గ్లెన్‌ది.

"ఏం మార్లా, అయిపోయిందా? మా పిల్ల ఫోను ఎత్తడం లేదు."

మార్లా కిటికీలోంచి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. ఎండ నడినెత్తికి ఎక్కి కళ్ళు బైర్లు కమ్మేలా కాస్తోంది. గ్లెన్ కూడా అదే ఎండ కింద నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ గ్లెన్, ఇంటి వెనక కుదరక ఊరి బయటికి తీసుకొచ్చాను, వెలుగు ఇంకా సరిగ్గా పడలేదు," అంది. "ఫోను సంచిలో పెట్టించాను, మాటిమాటికీ దాన్నే చూసుకుంటోందని. పొద్దువాలే దాకా పడుతుంది. మీరేం కంగారుపడకండి, నా దగ్గరే ఉంది."

"సరే, సరే. ఈసారన్నా కళ్ళు తెరిచిందా?"

"తెరిచింది."

ఫోను చేతులు మారింది. కర్ట్ వేటలో బాగా కొట్టాడు కాబోలు, హుషారుగా ఉన్నాడు. "పొద్దువాలే దాకానా? మరి నా భోజనం?"

"నువ్వు తినెయ్యి కర్ట్. నా కోసం చూడకు."

"ఏం తినాలి? ఇంట్లో ఏమన్నా పెట్టావా?" విసుక్కున్నాడు. "సరే, గుడ్లు వేసుకుంటాంలే. ఉప్పెక్కడ పెట్టావు?"

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఉప్పు ఒకే అరలో, ఒకే డబ్బాలో, అతని తల కంటే జానెడు కింద ఉంది. మార్లా చెప్పబోయింది. నోటి దాకా వచ్చింది. ఫోను పెట్టేసింది.